గుడిసె బోనస్

జూన్ రెండో వారం దాటితే ఛత్తీస్‌గఢ్‌లో వానలు దిగుతాయి. ఆలోగా ఇంటి కప్పు సరిచేసుకోవాలి. పుచ్చిన వెదురు తీసి కొత్తది వేయాలి, పగిలిన గూనపెంకులు మార్చాలి, గోడకు మట్టి మెత్తాలి. ఊళ్లో ఉన్న రైతుకు వెదురు అడవిలో దొరుకుతుంది, పెంకులు ఊరి కుమ్మరి ఇస్తాడు, పైకెక్కి కప్పడానికి అన్నదమ్ములు ఓ చెయ్యి వేస్తారు. డల్లీ రాజ్‌హరా గనుల్లో రాయి కొట్టే కూలీకి ఇవన్నీ డబ్బుపెట్టి కొనాల్సినవే. అందుకే 1977 వేసవిలో వాళ్లు ఒక వింత కోరిక కోరారు. ఏడాదికోసారి, వానలకు ముందు, గుడిసె బాగుచేసుకోవడానికి 100 రూపాయలు ఇవ్వాలన్నారు.

ఆ గొడవలో పదకొండు మంది ప్రాణాలు పోయాయి.

భిలాయి అనగానే మనవాళ్లకు రష్యావాళ్లు కట్టిన ఉక్కు కర్మాగారం, రైలు పట్టాలు, నంబర్లు వేసిన సెక్టార్లు గుర్తొస్తాయి. ఉత్తరాంధ్ర నుంచి రాయపూర్ రైలెక్కి పనికోసం పోయి అక్కడే స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు ఆ ఊళ్లో చాలా ఉన్నాయి. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో ఏ ఇంట్లోనో ఒక 'భిలాయి మావయ్య' ఉంటాడు. సెలవులకు వచ్చినప్పుడు క్వార్టరు గురించి, కొలిమి వేడి గురించి, దసరాకు వచ్చిన బోనసు గురించి చెబుతాడు. ఆ కొలిమిలో పడే ఎర్రరాయి ఏ కొండదో, దాన్ని ఎవరి చేతులు పగలగొట్టాయో ఆ కబుర్లలోకి రాదు. ఈ కథ ఆ రాయి దగ్గర జరిగింది.

1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరే నాటికి భిలాయి ఒక పల్లె. చుట్టూ వరి పొలాలు, చెరువులు, పశువుల బీళ్లు. కర్మాగారానికీ టౌన్‌షిప్‌కీ కలిపి పదుల ఊళ్ల భూమి తీసుకున్నారు. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. అంతా నాలుగేళ్లలో అయిపోయింది. 1990ల నుంచి ఏళ్ల తరబడి భిలాయికి వస్తూ పోతూ అధ్యయనం చేసిన లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ మానవ శాస్త్రవేత్త జొనాథన్ ప్యారీ ఆ తొలి రోజుల గురించి రాశారు. కర్మాగారంలో చేరడానికి చుట్టుపక్కల పల్లెల వాళ్లు జంకారట. పునాదులు నిలవాలంటే నరబలి ఇస్తారని, అందుకు పిల్లల్ని ఎత్తుకుపోతున్నారని పుకార్లు పుట్టాయి. గోదావరి మీదో కృష్ణ మీదో వంతెన కడుతున్నప్పుడు ఇలాంటి మాట వినని ముసలివాళ్లు మన దగ్గరా ఉండరు. భిలాయి చుట్టుపక్కలవాళ్లు తటపటాయిస్తుండగానే పంజాబ్ నుంచి, బీహార్ నుంచి, కేరళ నుంచి, ఆంధ్ర నుంచి వచ్చినవాళ్లు పనుల్లో కుదురుకున్నారు. స్థానికులు తేరుకుని ఉద్యోగాలు అడిగేసరికి వరుస పెద్దదైపోయింది.

భూమి పోయిన రైతుకు ఎంతో కొంత పరిహారం ముట్టింది. పశువులు కాసే రౌత్‌ల సంగతి వేరు. ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో ఊరి మందనంతా మేతకు తోలుకెళ్లేది రౌత్‌లే. పశువుకింత అని ఏడాదికోసారి ధాన్యం కొలిచి ఇస్తారు. దీపావళి తర్వాత వాళ్లు గవ్వలు కుట్టిన చొక్కాలు తొడుక్కుని, కర్రలు తిప్పుతూ, దోహా పద్యాలు పాడుతూ ఇంటింటికీ వెళ్లి ఆడతారు. ఆవుల మెడలో సుహాయి అనే దండ కట్టి దీవిస్తారు. వాళ్లలో చాలామందికి పట్టా భూమి ఉండదు, ఊరితో మాట కలిపిన ఒప్పందం ఉంటుంది. ఊరు లేచిపోతే ఆ ఒప్పందమూ లేచిపోతుంది. దానికి వెలకట్టే పద్ధతి 1955 నాటి భూసేకరణలో లేదు. బీడు ప్రభుత్వానిది, పశువు రైతుది, కర్ర ఒక్కటే రౌత్‌ది.

భిలాయికి దక్షిణంగా దాదాపు 90 కిలోమీటర్లు పోతే డల్లీ, రాజ్‌హరా కొండలు. కర్మాగారానికి ఇనుప ఖనిజం అక్కడి నుంచే రైలు మీద వచ్చేది. అప్పట్లో ఇదంతా మధ్యప్రదేశ్‌లోని దుర్గ్ జిల్లా. రాజ్‌హరా గనిలో యంత్రాలు తవ్వేవి. డల్లీ వైపు మనుషులు తవ్వేవాళ్లు. కంట్రాక్టర్ల కింద వేల మంది. మగవాడు సుత్తితో రాయి పగలగొడితే, 'రేజా' అని పిలిచే ఆడకూలీ దాన్ని తట్టకెత్తి లారీ నింపేది. భార్యాభర్తలిద్దరూ జోడీగా చేసే పని. ఎక్కువమంది గోండులు, ఇతర ఆదివాసులు, చుట్టుపక్కల చిన్న రైతులు. రోజంతా కొడితే మూడు నాలుగు రూపాయలు. వాన వల్లో, లారీ రాకనో పని ఆగితే ఆ మూడూ ఉండవు. అదే కొండ మీద కంపెనీ పర్మనెంటు ఉద్యోగికి క్వార్టరు, ఆస్పత్రి, పిల్లలకు బడి ఉన్నాయి. అతని కంట్లో పడే దుమ్మూ వీళ్ల కంట్లో పడే దుమ్మూ ఒకటే ఎరుపు.

1977 మార్చిలో ఎమర్జెన్సీ తొలగింది. దేశమంతా ఎన్నికల సందడిలో ఉండగా డల్లీలో బోనసు ఒప్పందం ఒకటి బయటికొచ్చింది. పర్మనెంటు కార్మికుడికి 308 రూపాయలు, కంట్రాక్టు కూలీకి 70. పెద్ద యూనియన్లు సంతకం పెట్టాయి. కూలీలు ఆ యూనియన్లను వదిలేసి లాల్ మైదాన్‌లో కూర్చున్నారు. పని ఆగిపోయింది. కూర్చోవడం వరకూ బాగానే ఉంది, తర్వాతేం చేయాలో చెప్పేవాడు లేడు. చదువుకున్న నాయకుల మీద నమ్మకం అప్పుడే పోయింది. అప్పుడు కొందరు కూలీలు దానీటోలా బయల్దేరారు. అది క్వార్ట్‌జైట్ గని. జైలు నుంచి కొత్తగా విడుదలై వచ్చిన ఒక బెంగాలీ ఆయన అక్కడ కూలీల మధ్యే ఉంటున్నాడని విన్నారు. పేరు శంకర్ గుహ నియోగి.

*

అసలు పేరు ధీరేశ్. 1943లో పుట్టారు. చిన్నతనం అస్సాంలో, బెంగాల్‌లో గడిచింది. 1960ల మొదట్లో భిలాయి వచ్చి కోక్ ఓవెన్‌లో చేరారు. బొగ్గును గాలి తగలకుండా కాల్చి కోక్ చేసే విభాగం అది, కర్మాగారంలో వేడికీ పొగకూ పేరుపడ్డ చోటు. పని చేస్తూనే చదువుకున్నారు, కార్మికులను కూడగట్టారు. 1967 ప్రాంతంలో ఉద్యోగం పోయింది. అది నక్సల్‌బరీ ఏడాది. ఆయన కూడా ఆ గాలిలో కొంతకాలం ఉన్నారు. బహిరంగ సంఘాలు వద్దనే నక్సలైట్ పార్టీ పద్ధతితో పొసగక బయటపడ్డారు. పోలీసులు వెతుకుతున్నారు, చేతిలో పని లేదు.

ఇక్కడి నుంచి మూడు నాలుగేళ్ల పాటు ఆయన జీవితం వినడానికి నమ్మబుద్ధి కాదు. పేరు మార్చుకుని శంకర్ అయ్యారు. దుర్గ్ జిల్లా పల్లెల్లో కాలినడకన తిరిగారు. ఒకచోట చేపలు పట్టారు. ఇంకోచోట పొలం కూలీ. ఊళ్లలో మేకలు కొని, వాటిని తోలుకుంటూ దుర్గ్, భిలాయి వైపు తెచ్చి అమ్మారు. ఛత్తీస్‌గఢీ భాష ఆ తోవలోనే నేర్చుకున్నారు. ఆ తర్వాత దానీటోలా గనిలో కూలీగా చేరి, అక్కడ పనిచేసే ఆశ అనే ఆదివాసీ అమ్మాయిని పెళ్లి చేసుకున్నారు. ఎమర్జెన్సీలో మీసా అనే నిర్బంధ చట్టం కింద పట్టుకెళ్లారు. పదమూడు నెలలు జైలు.

నియోగి గురించి రాసేవాళ్లు ఈ మేకల సంగతిని ఒక వాక్యంలో దాటేస్తారు, అజ్ఞాతవాసంలో పొట్టపోసుకోవడానికి చేసిన పని అన్నట్టు. నాకు మాత్రం ఆయన చదివిన అసలు చదువు ఇదేననిపిస్తుంది. మేకల బేరగాడికి తెలిసినట్టు ఊరు మరొకరికి తెలియదు. మన దగ్గర సంతకు మేకలు తోలేవాళ్లతో అరగంట కూర్చున్నా అది అర్థమవుతుంది. పేద రైతు మేకను ఊరికే అమ్మడు. ఇంట్లో రోగం వస్తే అమ్ముతాడు. విత్తనాలకు, పెళ్లికి, కులపంచాయితీ జరిమానాకు, సావుకారి వడ్డీకి అమ్ముతాడు. బేరగాడు మేక నోరు తెరిచి పళ్లు చూస్తాడు, వెన్ను తడిమి కండ చూస్తాడు, ఆ తర్వాత అమ్మేవాడి మొహం చూస్తాడు. ఎంత తొందరలో ఉన్నాడో దాన్నిబట్టి ధర తగ్గిస్తాడు. అంటే ఏ ఊళ్లో, ఏ నెలలో, ఏ ఇంటికి, ఎంత డబ్బు తక్కువపడి కాపురం తలకిందులవుతుందో బేరగాడికి లెక్క తెలుసు. తహసీల్దారు కచేరీలో ఆ లెక్క ఉండదు.

నియోగి అలా ధర తగ్గించిన బేరగాడో కాదో చెప్పే సాక్ష్యం లేదు. ఆయన ఆ ఊళ్ల నుంచి ఏం నేర్చుకున్నారో మాత్రం 1977లో పెట్టిన డిమాండ్లు చెబుతాయి. ఆ డిమాండ్ల కాగితం మీద పల్లె వాసన ఉంది.

దానీటోలా వచ్చినవాళ్లతో ఆయన డల్లీ వెళ్లారు. ఛత్తీస్‌గఢ్ మైన్స్ శ్రమిక్ సంఘ్ పుట్టింది. కూలీలు ఆయన్ను నియోగీ భయ్యా అన్నారు. సంఘం జెండాకు రెండు రంగులు పెట్టుకున్నారు. కార్మికుడిది ఎరుపు, రైతుది ఆకుపచ్చ. ఇదేదో అలంకారానికి పెట్టిన రంగు అనుకుంటే పొరపాటు. గనిలో రాయి కొట్టేవాడి తమ్ముడు ఊళ్లో నాగలి పడుతున్నాడు, వాళ్ల చిన్నాన్న ఇతరుల పశువులు కాస్తున్నాడు. గని మూతపడితే అన్న ఊరికి పోతాడు, ఊళ్లో కరువొస్తే తమ్ముడు గనికొస్తాడు. ఇద్దరి బతుకూ ఒకే కుండలో ఉడుకుతున్నప్పుడు సంఘం సగం కుండకే ఎలా పెడతారు? నియోగి జవాబు ఆ రెండు రంగుల గుడ్డ.

డిమాండ్లు రెండు. కూలీ పనికి వచ్చి, యాజమాన్యం పని ఇవ్వలేకపోయిన రోజున సగం కూలి ఇవ్వాలి. వానలకు ముందు గుడిసె మరమ్మతుకు 100 రూపాయలు ఇవ్వాలి. మొదటిది ఏ కార్మిక నాయకుడైనా అడుగుతాడు. రెండోది అడగాలంటే వెదురు కప్పు కింద వాన రాత్రి ఒకటి గడిపి ఉండాలి. ఏ ఫ్యాక్టరీ చట్టంలోనూ 'ఝోంప్డీ బోనస్', అంటే గుడిసె బోనస్, అన్న మాట లేదు. కంట్రాక్టర్లు నవ్వి ఉంటారు. మే నెలాఖరుకల్లా ఆ నవ్వు తగ్గింది, గుడిసె డబ్బులకు ఒప్పుకున్నారు. జూన్ 1న కూలీలు ఆ డబ్బు తీసుకోవడానికి వెళ్లేసరికి ఇవ్వం పొమ్మన్నారు.

*

1977 జూన్ 2 రాత్రి. ఎండాకాలం చివర, గాలి ఆడని రాత్రి. కూలీల బస్తీలో సంఘం ఆఫీసు అంటే అదీ ఒక గుడిసెలాంటిదే. పోలీసు జీపులు వచ్చాయి. నియోగిని ఎక్కించుకుని ఒక జీపు వెళ్లిపోయింది. ఆ అలికిడికి బస్తీ లేచింది. ఆడవాళ్లు ముందు లేచారంటారు అక్కడివాళ్లు. మిగిలిన పోలీసులను చుట్టుముట్టి కూర్చున్నారు. మా మనిషిని తెచ్చివ్వండి, మీ మనుషుల్ని వదులుతామన్నారు. చీకట్లో తుపాకులు పేలాయి. ఏడుగురు చనిపోయారు. అందులో అనసూయా బాయి అనే కూలీ ఉంది, సుదామా అనే పిల్లవాడు ఉన్నాడు.

అయినా జనం కదల్లేదు. శవాలు అక్కడే, పోలీసులు అక్కడే. మర్నాడు దుర్గ్ నుంచి మరింత బలగం వచ్చింది. మళ్లీ కాల్పులు జరిగాయి, ఇంకో నలుగురు పోయారు. పోలీసులు విడుదలయ్యారు. నియోగి జైల్లో ఉన్నారు. సమ్మె మాత్రం ఆగలేదు. కొన్నాళ్లకు యాజమాన్యం దిగొచ్చి డిమాండ్లు ఒప్పుకుంది. ఆ ఏడాది వానలు దిగాక గనికూలీల గుడిసెల మీదికి కొత్త వెదురు ఎక్కింది.

ఇక్కడితో కథ ఆపేస్తే మామూలు పోరాట గాథ. దాని తర్వాతి పదేళ్లు నాకు ఇంకా ఆసక్తిగా ఉంటాయి. ఎందుకంటే గెలుపు వెంట ఒక కొత్త తలనొప్పి వచ్చింది.

కూలి పెరిగింది. మూడు నాలుగు రూపాయలున్నది కొన్నేళ్లలో ఎన్నో రెట్లయింది. పెరిగిన డబ్బు ఎక్కడికి పోయింది? సారా దుకాణానికి. పోరాడి తెచ్చుకున్న జీతం సాయంత్రానికి భట్టీలో ఇంకిపోతుంటే ముందు అడిగింది రేజాలు. నెల్లూరు జిల్లా దూబగుంటలో మన ఆడవాళ్లు సారా దుకాణం మీదికి వెళ్లింది 1990లలో. డల్లీలో అది దాదాపు పదేళ్లకు ముందే నడిచింది. సంఘం తాగేవాళ్లకు జరిమానా వేసింది. వసూలైన దాంట్లో కొంత ఆ ఇంటి ఇల్లాలి చేతికే ఇచ్చేవారు. మొగుడి జేబులోంచి తీసి పెళ్లాం చేతిలో పెట్టే ఈ ఏర్పాటు ఉపన్యాసాలకన్నా బాగా పనిచేసింది. సారా కంట్రాక్టర్లకు మండింది. నియోగిని 1981లో జాతీయ భద్రతా చట్టం కింద పెట్టి మళ్లీ జైలుకు పంపారు.

సంఘంలో ఉపాధ్యక్షురాలు కుసుమ్ బాయి కాన్పులో, సరైన వైద్యం అందక చనిపోయింది. పది వేలమంది కూలీల తరఫున యాజమాన్యంతో మాట్లాడగలిగిన మనిషి ఒక కాన్పు దాటలేకపోయింది. ఆస్పత్రి మనమే కట్టుకుందామన్నారు కూలీలు. 1982 జనవరి 26న సంఘం గ్యారేజీలో ఒక డిస్పెన్సరీ మొదలైంది. బినాయక్ సేన్, ఆశిష్ కుండూ వంటి యువ డాక్టర్లు వచ్చి చేరారు. గని పని ముగించుకుని వచ్చి ఇటుకలు మోసి, గోడలు లేపి, 1983 జూన్ 3న, కాల్పులు జరిగిన తేదీకే, 15 పడకల శహీద్ ఆస్పత్రిని తెరిచారు. బయటి సంస్థల విరాళాలు వద్దనుకున్నారు, సొమ్మంతా కార్మికులదే. గనికూలీల పిల్లలే శిక్షణ పొంది ఆరోగ్య కార్యకర్తలయ్యారు. విరేచనాలు పట్టుకున్న బిడ్డకు సెలైన్ ఎక్కించే ముందు ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లు పట్టించమని బస్తీబస్తీకీ వెళ్లి చెప్పారు. కొద్దికాలంలోనే రోగుల్లో గనివాళ్ల కన్నా దూరపు పల్లెల రైతులు, అడవి ఊళ్ల ఆదివాసులు ఎక్కువయ్యారు. ఆ ఆస్పత్రి ఇవాళ్టికీ నడుస్తోంది, పడకలు ఎన్నో రెట్లు పెరిగాయి.

అభివృద్ధి అనే మాటను నేను అనుమానంగానే వాడతాను. ఈ ఆస్పత్రి విషయంలో వాడడానికి సందేహించను.

యంత్రాల తగాదా ఇంతకన్నా చిక్కుది. డల్లీ గనిని పూర్తిగా యంత్రాల మీదికి మార్చాలని 1970ల చివర్లో ప్రతిపాదన వచ్చింది. అదే సమయంలో బస్తర్‌లోని బైలాడిలాలో ఏం జరిగిందో అందరూ చూశారు. అరకు రైలెక్కి సొరంగాలు లెక్కపెట్టుకుంటూ మురిసిపోయే మనం, ఆ కొత్తవలస–కిరండోల్ లైను బైలాడిలా ఖనిజాన్ని విశాఖ రేవుకు, అక్కడి నుంచి జపాన్‌కు పంపడానికే వేశారని మరిచిపోతాం. ఆ లైను చివర, కిరండోల్‌లో, యంత్రాలొచ్చాక వేల మంది కంట్రాక్టు కూలీలకు పని పోయింది. 1978 ఏప్రిల్ 5న పోలీసులు కాల్చారు, గుడిసెలు తగలబడ్డాయి. డల్లీ సంఘం దీన్నుంచి ఒక పాఠం తీసుకుంది. యంత్రం అసలే వద్దంటే నవ్వుతారు, పూర్తిగా రానిస్తే చస్తాం. మనిషి చేయలేని, చేయకూడని పనులకు యంత్రం పెట్టండి, మిగతాది మనుషులకు వదలండి అని లెక్కలు వేసి చూపించారు. సగం యాంత్రీకరణ. యాజమాన్యం ఒప్పుకుంది. అది ఎల్లకాలం నిలవలేదు. ఎన్నో ఏళ్లు మాత్రం ఆ కొండ మీద వేల ఇళ్లలో పొయ్యి వెలిగింది. సంఖ్యల పుస్తకంలో ఇది 'ఉత్పాదకత తగ్గుదల' కింద పడుతుందేమో, ఎవరి పుస్తకం అనేదాన్నిబట్టి ఉంటుంది.

రైతుల వైపు ఛత్తీస్‌గఢ్ ముక్తి మోర్చా ఏర్పడింది. 1856 కరువులో సావుకారి ధాన్యం కొట్టు తెరిపించి పల్లెలకు పంచి, 1857లో రాయపూర్‌లో ఉరికెక్కిన సోనాఖాన్ జమీందారు వీర నారాయణ్ సింగ్‌ను అప్పటికి జనం దాదాపు మరిచిపోయారు. ఆయన పేరును మళ్లీ ఊరూరా తిప్పింది ఈ గనికూలీలే. ఇప్పుడు రాయపూర్‌లో అంతర్జాతీయ క్రికెట్ స్టేడియానికి ఆ పేరే ఉంది.

*

1990లో నియోగి భిలాయి తిరిగొచ్చారు. ఉక్కు కర్మాగారం చుట్టూ పుట్టిన ప్రైవేటు ఫ్యాక్టరీల్లో కార్మికులు బతకడానికి చాలినంత కూలి, పర్మనెంటు ఉద్యోగం అడిగారు. ఇక్కడి కూలీల్లోనూ సగం ఇంకా ఊళ్లలోనే ఉన్నారు. పొద్దున సైకిలెక్కి షెడ్డుకొచ్చి, సాయంత్రం పొలానికి వెళ్లేవాళ్లు. కొలిమి పక్కన పుట్టి కొలిమిలోకి పోలేకపోయిన తరం అది. వేల మందిని పనిలోంచి తీసేశారు. నియోగిని పాత కేసుల్లో అరెస్టు చేశారు, విడిచిపెట్టారు, జిల్లాల నుంచి బహిష్కరించడానికి నోటీసులిచ్చారు. 1991 సెప్టెంబర్‌లో కార్మికులను వెంటబెట్టుకుని ఢిల్లీ వెళ్లి, వేల సంతకాల వినతిపత్రం రాష్ట్రపతి ఆర్. వెంకట్రామన్‌కు ఇచ్చారు. తనను చంపుతారని నియోగికి తెలుసు. డైరీలో రాసుకున్నారు, టేపులో కూడా చెప్పుకున్నారు.

ఢిల్లీ నుంచి వచ్చిన కొద్దిరోజులకే, సెప్టెంబర్ 28 తెల్లవారుజామున, భిలాయి హడ్కో కాలనీ క్వార్టరులో నిద్రపోతున్నారు. ఉక్కపోతకు కిటికీ తెరిచి ఉంది. అందులోంచి కాల్చారు. వయసు 48.

దేహాన్ని ఎరుపు, ఆకుపచ్చ జెండాలో చుట్టి డల్లీ తీసుకెళ్లారు. లక్షకు పైగా జనం వచ్చారంటారు. గనులు ఆగిపోయాయి. మరుసటి ఏడాది, 1992 జూలై 1న, అవే డిమాండ్ల మీద భిలాయి పవర్‌హౌస్ రైల్వేస్టేషన్‌లో పట్టాల మీద కూర్చున్న కార్మికుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. పదహారు మందికి తగ్గకుండా కార్మికులు పోయారు. నియోగి హత్య కేసు సీబీఐ చేతికి వెళ్లింది. 1997లో దుర్గ్ సెషన్స్ కోర్టు ఇద్దరు పారిశ్రామికవేత్తలతో సహా ఆరుగురికి శిక్ష వేసింది. 1998లో హైకోర్టు అందరినీ వదిలేసింది. 2005లో సుప్రీంకోర్టు ట్రిగ్గర్ నొక్కిన పల్టన్ మల్లాకు మాత్రం యావజ్జీవం విధించింది. కిరాయి హంతకుడు దోషి, అతనికి కిరాయి ఇచ్చినవాళ్లు చట్టం దృష్టిలో ఎవరూ లేరు. పదమూడేళ్లు దాటిన న్యాయవిచారణ తేల్చింది ఇది. కాన్పూర్ ఐఐటీలో చదివి, అమెరికా పౌరసత్వం వదులుకుని 1980లలో డల్లీ వచ్చి ఆ సంఘంలోనే బతికిన సుధా భరద్వాజ్ ఆ తర్వాత లాయరయ్యారంటే, కూలీలకు కోర్టుల్లో మాట్లాడేవాళ్లు లేకపోవడమే కారణం.

భిలాయి కర్మాగారంలో ఒకప్పుడు 60 వేలు దాటిన పర్మనెంటు ఉద్యోగులు ఇప్పుడు అందులో సగం కూడా లేరు. ఆ ఖాళీల్లో కంట్రాక్టు కూలీలున్నారు. వాళ్లలో మన ఉత్తరాంధ్రవాళ్లూ ఉన్నారు, దుర్గ్ పల్లెల వాళ్లూ ఉన్నారు. 'భిలాయి మావయ్య' కొడుక్కి క్వార్టరు లేదు.

డల్లీ రాజ్‌హరాలో ఖనిజం అడుగంటుతోంది. భిలాయి ఇప్పుడు ఇంకా దక్షిణంగా, రావ్‌ఘాట్ కొండల వైపు చూస్తోంది. డల్లీ నుంచి అడవిలోకి కొత్త రైల్వే లైను సాగింది, 2022లో అంతాగఢ్ దాకా ప్యాసింజర్ రైలు కూడా వెళ్లింది. ఆ కొండ చుట్టూ ఉన్నవీ గోండు ఊళ్లే. అక్కడా రౌత్‌లు మంద కాస్తారు, అక్కడా గుడిసెకు ఏటా వెదురు మార్చాలి. 1955కీ ఇప్పటికీ తేడా ఒకటుంది. ఆదివాసీ ప్రాంతాల గ్రామసభలకు అధికారమిచ్చే 1996 పెసా చట్టం, 2006 అటవీ హక్కుల చట్టం వచ్చాయి. అటవీ హక్కుల చట్టం కింద ఊరంతా కలిసి పెట్టుకునే దరఖాస్తు ఫారం–బి. అందులో మేత హక్కు గురించి విడిగా ఒక అంశం ఉంది. పట్టా లేనివాళ్లకూ అది వర్తిస్తుంది. కావాల్సింది గ్రామసభ తీర్మానం, ముసలివాళ్ల వాంగ్మూలం లాంటి సాక్ష్యాలు, ఆ ఫారం నింపడం తెలిసిన మనిషి.